పోస్ట్ పెడితే ఉద్యమం నడుస్తుందా, స్నేహం పోతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తొమ్మిదేళ్లుగా చిన్నాపెద్దా ప్రచారాల్లో పనిచేస్తున్నాను. పోస్టర్లు తయారు చేయడం, గ్రూపులు నడపడం, అర్ధరాత్రి దాకా కామెంట్లకు సమాధానాలు రాయడం అన్నీ చేశాను. ఆ పనిలో ఉండగానే ఇద్దరు దగ్గరి మనుషులతో మాటలు ఆగిపోయాయి, ఒకరితో మళ్లీ కలిశాయి. కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఉద్యమం గురించి ఉంటే, మిగతా సగం ఇంట్లోవాళ్ల గురించి, స్నేహితుల గురించి ఉంటాయి. రెండూ నడిచేది ఒకే ఫోన్‌లో కాబట్టి రెండింటికీ ఇక్కడే జవాబులు రాస్తున్నాను.

షేర్ చేస్తే నిజంగా ఏమైనా మారుతుందా? ఊరికే మన తృప్తి కోసమా?

మారుతుంది. ఎవరో దాచేద్దామనుకున్న విషయాన్ని దాచనివ్వకపోవడం, సోషల్ మీడియా అన్నిటికంటే బాగా చేసే పని ఇదే. ట్యునీషియా సంగతి చూడండి. 2008లో అక్కడి గఫ్సా గనుల ప్రాంతంలో జనం నెలల తరబడి నిరసన చేశారు, ప్రభుత్వం అణిచేసింది, బయటి ప్రపంచానికి ఆ సంగతి దాదాపు తెలియనే లేదు. రెండేళ్ల తర్వాత, 2010 డిసెంబర్ 17న, సిదీ బూజిద్ అనే ఊళ్లో తోపుడు బండి మీద పళ్లు, కూరగాయలు అమ్ముకునే మహమ్మద్ బువజీజీ, అధికారులు తన సరుకు లాక్కున్నారని ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఆ ఊళ్లో జరిగిన నిరసన వీడియో ఫేస్‌బుక్‌లోకి ఎక్కింది, అక్కడి నుంచి అల్ జజీరా టీవీకి చేరింది, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పాకింది. సరిగ్గా 28 రోజులకు, 2011 జనవరి 14న, 23 ఏళ్లుగా గద్దె మీదున్న బెన్ అలీ దేశం వదిలి పారిపోయాడు. గఫ్సా జనానికి కోపం తక్కువై కాదు, వాళ్లను చూసినవాళ్లు తక్కువ.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో ఒక పోలీసు అధికారి మెడ మీద మోకాలు నొక్కిపెట్టడంతో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి చనిపోయినప్పుడు, పోలీసుల మొదటి ప్రకటన చదివితే, అరెస్టు సమయంలో అతనికి ఏదో ఆరోగ్య సమస్య వచ్చి చనిపోయాడన్నట్టే ఉంటుంది. అక్కడే నిలబడి ఫోన్‌లో వీడియో తీసిన 17 ఏళ్ల అమ్మాయి డార్నెల్లా ఫ్రేజియర్ లేకపోతే ఆ ప్రకటనే మిగిలిపోయేది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆ పోలీసు అధికారి మీద హత్యానేరం రుజువైంది, ఫ్రేజియర్‌కు పత్రికారంగ పురస్కారాలిచ్చే పులిట్జర్ బోర్డు ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది.

కాబట్టి షేర్ చేయడాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. షేర్ చేశాం కదా, మన పని అయిపోయింది అనుకునేవాళ్లతో అసలే ఏకీభవించను.

ఈ హ్యాష్‌ట్యాగ్ ఎక్కడి నుంచి వచ్చింది?

2007 ఆగస్టులో క్రిస్ మెస్సీనా అనే అతను, ఒకే విషయం మీద మాట్లాడేవాళ్లను కలపడానికి # గుర్తు వాడదామని ట్విట్టర్‌లో ప్రతిపాదించాడు. కంపెనీవాళ్లు మొదట పెద్దగా పట్టించుకోలేదు, వాడేవాళ్లే వాడి వాడి అలవాటు చేశారు. ముక్కూమొహం తెలియని వాళ్లు కూడా ఒకే చోట చేరగలిగేది దానివల్లే.

లైక్ కొట్టి, డీపీ మార్చి వదిలేసేవాళ్లు ఉద్యమానికి మేలు చేస్తున్నట్టా, కీడు చేస్తున్నట్టా?

దీని మీద 2014లో కెనడా పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాలు కొన్ని ఉన్నాయి, నాకు బాగా ఉపయోగపడ్డాయి. చిన్న మద్దతు, అంటే ఒక బ్యాడ్జి పెట్టుకోవడమో, పేజీకి లైక్ కొట్టడమో, నలుగురూ చూసేలా చేసినవాళ్లు తర్వాత అసలు సాయం అడిగితే అంతగా ముందుకు రాలేదు. అదే చిన్న మద్దతును ఎవరికీ కనపడకుండా ఇచ్చినవాళ్లు మాత్రం ఎక్కువగా వచ్చారు. అందరి ముందూ మంచివాళ్లం అనిపించుకున్నాక మనసుకు ఆ పని పూర్తయినట్టు ఉంటుందన్నమాట. చాటుగా చేసినవాడు మాత్రం, ఈ విషయం నాకు ముఖ్యం అని తనకు తాను చెప్పుకున్నట్టు అవుతుంది.

2012 మార్చిలో జోసెఫ్ కోనీ అనే ఉగాండా సాయుధ ముఠా నాయకుడిని పట్టుకోవాలంటూ అరగంట వీడియో ఒకటి వచ్చింది. ఆరు రోజుల్లో 10 కోట్ల వ్యూస్ దాటింది. ఏప్రిల్ 20 రాత్రి అన్ని నగరాల్లో పోస్టర్లు అంటించాలని పిలుపిచ్చారు, ఆ రాత్రి వీధుల్లోకి వచ్చినవాళ్లు చాలా చోట్ల చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. కోనీని ఎవరూ పట్టుకోలేకపోయారు కూడా.

అలాగని తేలిక పనులన్నీ దండగ అనలేం. 2014 వేసవిలో నెత్తిన ఐస్ నీళ్లు పోసుకునే ఛాలెంజ్ గుర్తుంది కదా, నరాలు దెబ్బతిని కండరాలు క్రమంగా చచ్చుబడే ఏఎల్ఎస్ అనే జబ్బు కోసం. చాలామంది దాన్ని ఆటగా కొట్టిపారేశారు. కానీ ఒక్క అమెరికాలోని ఏఎల్ఎస్ అసోసియేషన్‌కే 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి, ఆ డబ్బు అందిన పరిశోధన ఒకటి 2016లో ఆ జబ్బుతో సంబంధమున్న ఎన్ఈకే1 అనే జన్యువును గుర్తించడానికి తోడ్పడింది. తేడా ఎక్కడుందంటే, అందులో విరాళం ఇవ్వడం అనే స్పష్టమైన పని ఉంది, పేరు పెట్టి ముగ్గురిని పిలవడం ఉంది. "అందరూ స్పందించండి" అంటే ఎవరూ స్పందించరు. "నువ్వు చెయ్యి" అంటే చేస్తారు.

మా గ్రూప్‌లో వందల మంది ఉన్నారు, మీటింగ్ పెడితే పది మంది కూడా రారు. ఎందుకు?

నాకూ ఇదే జరిగింది. ఒక గ్రంథాలయం మూసేయొద్దని మేం పెట్టిన గ్రూప్‌లో 412 మంది చేరారు. మీటింగ్ రోజు పొద్దున కూడా 90 మంది పైగా "వస్తున్నాం" అని పెట్టారు, చప్పట్ల బొమ్మలు, పిడికిలి బొమ్మలు స్క్రోల్ చేసినకొద్దీ వస్తూనే ఉన్నాయి. మేం అరవై కుర్చీలు వేశాం. పదకొండు మంది వచ్చారు. ఆ పదకొండు మందిలో ఎనిమిది మంది నేనో, నా తోటి అమ్మాయో ముందు రోజు రాత్రి విడిగా ఫోన్ చేసి పిలిచినవాళ్లు. మిగిలిన కుర్చీలు మళ్లీ ఒకదాని మీద ఒకటి పేరుస్తూ నేను లెక్క వేసుకున్నాను. మేం మొత్తం ఫోన్ చేసింది పద్నాలుగు మందికి. అందులో ఎనిమిది మంది వచ్చారు. గ్రూప్‌లో మెసేజ్ చూసి వచ్చినవాళ్లు ముగ్గురు. ఆ రాత్రి నుంచి నేను పనిచేసే పద్ధతే మారిపోయింది.

టర్కీ మూలాలున్న సామాజిక శాస్త్రవేత్త జేనెప్ తుఫెక్చీ ఈ విషయం మీద చాలా కాలంగా చెబుతున్నదేమిటంటే, పాత రోజుల్లో లక్షమందిని వీధిలోకి తేవాలంటే ముందు ఏళ్ల తరబడి పనిచేయాలి, ఆ పనిలోనే మనుషుల మధ్య నమ్మకం, గొడవలు తీర్చుకునే అలవాటు, ఎవరు ఏం చేయగలరన్న అవగాహన ఏర్పడతాయి. ఇప్పుడు ఆ కష్టం లేకుండానే లక్షమంది వచ్చేస్తారు, కానీ రేపు ప్రభుత్వం చర్చలకు పిలిస్తే ఎవరు వెళ్లాలో కూడా తేల్చుకోలేరు. 1955 డిసెంబర్‌లో అమెరికాలోని మాంట్‌గోమరీలో, బస్సుల్లో జాతి వివక్షకు నిరసనగా నల్లజాతి ప్రజలు మొదలుపెట్టిన బస్సుల బహిష్కరణ 381 రోజులు నడిచింది. రాత్రికి రాత్రే వేలాది కరపత్రాలు సైక్లోస్టైల్ చేసి పంచారు, పనులకు వెళ్లేవాళ్ల కోసం కార్లు ఏ వీధిలో ఎన్ని గంటలకు ఆగాలో పట్టిక వేసుకున్నారు. ఏడాదికి పైగా రోజూ. ఆ పట్టిక రాసినవాళ్ల ఓపిక తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మీ గ్రూప్‌లో నాలుగు వందల మంది ఉంటే, అందులో ఇరవై మందికి ఈ వారం ఫోన్ చేయండి. గ్రూప్‌లో మెసేజ్ పెట్టడం ఎలాగూ చేస్తారు.

ఇంటర్నెట్ ఆపేస్తే ఉద్యమం ఆగిపోతుందా?

ఆగకపోవచ్చు. 2011 జనవరి 25న ఈజిప్టులో నిరసనలు మొదలయ్యాయి. పోలీసుల చేతిలో చనిపోయిన ఖాలిద్ సయీద్ అనే యువకుడి పేరు మీద పెట్టిన ఫేస్‌బుక్ పేజీ ఆ పిలుపులో ముఖ్యపాత్ర పోషించింది. జనవరి 27 అర్ధరాత్రి దాటాక ప్రభుత్వం దాదాపు దేశమంతా ఇంటర్నెట్ ఆపేసింది. మర్నాడు జనం తగ్గకపోగా ఇంకా పెరిగారు, ఇంట్లో కూర్చుని చూసేందుకు ఏమీ లేక, తమవాళ్లకు ఏమైందో తెలియక బయటికొచ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఫిబ్రవరి 11న అధ్యక్షుడు ముబారక్ దిగిపోయాడు. తర్వాత ఆ దేశంలో జరిగింది వేరే బాధాకరమైన కథ. గద్దె దించడానికి కలిసినంత సులువుగా ఆ తర్వాత ఏం చేయాలో తేల్చుకోవడానికి కలవలేకపోయారు.

ఎప్పుడు చూసినా కోపం తెప్పించే పోస్టులే కనబడుతున్నాయి. నేనే మారిపోయానా?

మీరొక్కరే కాదు. ట్విట్టర్‌లో రాజకీయ విషయాల మీద వచ్చిన లక్షల పోస్టులను పరిశీలించి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మంచిచెడుల తీర్పూ భావోద్వేగమూ కలిసి ధ్వనించే ఒక్కో మాట చేరినకొద్దీ ఆ పోస్ట్ పాకడం సుమారు 20 శాతం పెరిగిందని తేలింది. పాకేది ఎక్కువగా మన వైపువాళ్లలోనే, అవతలివాళ్లకు చేరేది తక్కువ. కోపంగా రాసినవాడికి లైకులు, నెమ్మదిగా రాసినవాడికి ఎవరూ లేరు, ఆర్నెల్లు గడిస్తే నెమ్మదిగా రాసినవాడూ కోపంగా రాయడం నేర్చుకుంటాడు.

2006 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్ మొదటిసారి న్యూస్ ఫీడ్ తెచ్చినప్పుడు, అందరి కదలికలూ అందరికీ చూపిస్తోందని లక్షల మంది వాడకందార్లు నిరసన గ్రూపుల్లో చేరారు. ఆ గ్రూపులు అంత త్వరగా పెరిగింది కూడా ఆ ఫీడ్ వల్లే, ఎవరు చేరితే ఆ సంగతి వాళ్ల స్నేహితులందరికీ చూపించింది కాబట్టి. కంపెనీ క్షమాపణ చెప్పింది, కొన్ని ప్రైవసీ సెట్టింగులు ఇచ్చింది, ఫీడ్ మాత్రం ఉంచేసింది. మన కోపాన్ని కూడా స్నేహితులందరికీ చూపించే ఏర్పాటు అప్పటి నుంచే ఉంది.

నేను పెట్టిన ఒక పోస్ట్ వల్ల ప్రాణ స్నేహితురాలు మాట్లాడటం మానేసింది. తప్పు నాదేనా?

నా సంగతి చెబుతాను, మీకు పోలిక దొరకొచ్చు. మాది పద్నాలుగేళ్ల స్నేహం. ఒక విషయం మీద నేను "ఇంకా దీన్ని సమర్థించేవాళ్లకు సిగ్గుండాలి" అని రాశాను. రాసేటప్పుడు నా మనసులో ఉన్నది ఎవరో ముక్కూమొహం తెలియని మనుషులు. తను రెండు రోజుల ముందే దాన్ని సగం సమర్థిస్తూ నాతో ఫోన్‌లో మాట్లాడింది, తన సందేహాలేవో చెప్పుకుంది. నేను పోస్ట్ రాసేటప్పుడు ఆ ఫోన్ గుర్తే లేదు. తను చదివినప్పుడు మాత్రం ఆ ఫోన్ గురించే రాశాననుకుంది. కింద మా ఇద్దరికీ తెలిసినవాళ్లు నలభై మంది "కరెక్ట్‌గా చెప్పావ్" అని పెట్టారు. ఆ నలభై మంది ముందు తనను నిలబెట్టినట్టయింది.

నా అభిప్రాయం ఇప్పటికీ అదే. ఆ వాక్యం మాత్రం రాయకుండా ఉండాల్సింది. ఇదే మాట ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని అని ఉంటే, తన మొహం మారడం చూసి నేను సగంలోనే ఆగేదాన్ని, ఆగి "నిన్ను అనట్లేదే" అని చెప్పేదాన్ని. పోస్ట్‌లో మొహం కనబడదు. అందుకే ఇప్పుడు పోస్ట్ చేసే ముందు నాకు దగ్గరైన ఇద్దరు ముగ్గురిని, ముఖ్యంగా నాతో ఏకీభవించని వాళ్లను తలచుకుని చదువుకుంటాను. పని గురించి, నిర్ణయం గురించి, చట్టం గురించి ఎంత గట్టిగానైనా రాస్తాను, "సమర్థించేవాళ్లు" అనే మాట దగ్గర చెయ్యి ఆగుతుంది.

తప్పు మీదేనా అని అడిగారు. మీ అభిప్రాయం తప్పా, చెప్పిన తీరు తప్పా అనేవి రెండు ప్రశ్నలు. రెండోదానికి క్షమాపణ అడిగినంత మాత్రాన మొదటిది వదులుకున్నట్టు కాదు.

"ఇంత జరుగుతుంటే నువ్వు ఒక్క పోస్ట్ కూడా పెట్టలేదేం?" అని నిలదీస్తున్నారు. పెట్టి తీరాలా?

అక్కర్లేదు. ఒకరి స్టేటస్ చూసి వాళ్ల మనసు కొలవడం చాలా అన్యాయమైన కొలత. పోస్ట్ పెట్టని మనిషి చాటుగా డబ్బు పంపి ఉండొచ్చు, బాధితుల ఇంటికి వెళ్లి కూర్చుని ఉండొచ్చు, ఉద్యోగం పోతుందన్న భయంతో ఉండొచ్చు, లేదా ఆ విషయం తన సొంత గాయాన్ని కెలుకుతూ ఉండొచ్చు. తెలియని విషయం మీద తొందరపడి మాట్లాడకూడదనుకున్నా అది గౌరవించాల్సిన కారణమే.

2020 జూన్ 2న లక్షలాది మంది ఇన్‌స్టాగ్రామ్‌లో నల్లని చతురస్రం పెట్టారు, ఫ్లాయిడ్ మరణం తర్వాత నల్లజాతివాళ్లకు సంఘీభావంగా. చాలామంది దానికి బ్లాక్ లైవ్స్ మ్యాటర్ హ్యాష్‌ట్యాగ్ తగిలించారు. దాంతో ఆ హ్యాష్‌ట్యాగ్‌లో వెతికితే ఏ వీధిలో ఏం జరుగుతోంది, సాయం ఎక్కడ దొరుకుతుంది అనే సమాచారం నల్లని చతురస్రాల కింద పూడుకుపోయింది, ఉద్యమకారులే "దయచేసి ఆ ట్యాగ్ తీసేయండి" అని బతిమాలాల్సి వచ్చింది. వాళ్లెవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. ఏదో ఒకటి పెట్టాలి అన్న ఒత్తిడితో చేసిన పని అలా తయారైంది.

మిమ్మల్ని నిలదీసినవాళ్లు దగ్గరివాళ్లైతే, ఏం చేస్తున్నారో, ఎందుకు పెట్టలేదో వాళ్లకు విడిగా చెప్పండి. దగ్గరివాళ్లు కాకపోతే జవాబు బాకీ లేదు.

మా బాబాయి ఫ్యామిలీ గ్రూప్‌లో రోజూ అబద్ధపు ఫార్వర్డ్‌లు పెడుతున్నారు. తప్పని చెబితే గొడవ. ఏం చేయాలి?

గ్రూప్‌లో చెప్పకండి, ఆయనకు ఫోన్ చేయండి. ఇరవై మంది బంధువుల ముందు, అందులోనూ తనకంటే చిన్నవాళ్ల ముందు, తప్పు ఒప్పుకోవడం ఎవరికైనా కష్టం. పెద్దవాళ్లకైతే అది పరువు సమస్య. "బాబాయ్, పొద్దున మీరు పెట్టింది చూశాను, నాకూ భయమేసింది, వెతికితే పాత వీడియో అని తేలింది, మీకు ఎవరు పంపారు?" అని అడిగి చూడండి. ఆ చివరి ప్రశ్న చాలా పని చేస్తుంది, ఎందుకంటే తప్పు ఆయనది కాకుండా ఆయనకు పంపినవాడిది అవుతుంది, తర్వాతిసారి పంపినవాడి మీద ఆయనే అనుమానపడతారు. మా ఇంట్లో ఒక పెద్దాయన ఇప్పుడు ఫార్వర్డ్ చేసే ముందు నాకు పంపి "ఇది నిజమేనా చూడు" అంటారు. దానికి ఏడాదిన్నర పట్టింది.

ఇలా మోసపోయేది ఆయనొక్కరే కాదు. 2018లో ఎంఐటీ పరిశోధకులు ట్విట్టర్ మీద చేసిన అధ్యయనంలో, నిజం వార్త కంటే అబద్ధపు వార్తను జనం రీట్వీట్ చేసే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది, అది కూడా యంత్రాల వల్ల కాదు, మనుషుల వల్ల. అబద్ధం కొత్తగా, ఆశ్చర్యంగా ఉంటుంది మరి. వాట్సాప్‌లో మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు కనబడితే అది చాలాసార్లు చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివి ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. ఆ గుర్తు ఒక్కటి ఆయనకు చూపించినా చాలు.

ఒక మినహాయింపు ఉంది. ఆ ఫార్వర్డ్ ఒక కులాన్నో మతాన్నో కొట్టమని, తరమమని రెచ్చగొట్టేదైతే మర్యాదలు చూసుకుంటూ కూర్చోకండి, వెంటనే గ్రూప్‌లోనే అబద్ధమని రాసి, ఆ తర్వాత ఫోన్ చేయండి. మయన్మార్‌లో రోహింగ్యాల మీద విషప్రచారం తమ వేదిక మీద పెరుగుతుంటే అడ్డుకోవడానికి చేయాల్సినంత చేయలేదని 2018లో ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. అలాంటి మాటలకు జవాబు లేకుండా పోతే ప్రాణాలు పోతాయి.

మా ఆయన ఉద్యమంలో చాలా చురుగ్గా ఉంటారు, కానీ ఇంట్లో ఎప్పుడూ ఫోన్‌లోనే. మంచి పనే కదా, ఎలా వద్దంటాను?

మీరు అడగడానికి ఇబ్బందిపడుతున్న కారణం నాకు తెలుసు. ఆట ఆడుకుంటున్నా, రీల్స్ చూస్తున్నా కోప్పడొచ్చు, జనం కోసం పనిచేస్తున్న మనిషిని కోప్పడితే మనమే స్వార్థపరులం అనిపిస్తుంది. కానీ ఫోన్‌లో గడిపిన మూడు గంటల్లో పని ఎంత, ఎవరితోనో వాదించింది ఎంత అని ఆయన్ని ఒక్కసారి చూసుకోమనండి. నేను నా ఫోన్‌లో ఒక వారం చూసుకున్నాను, నిజంగా పని అనదగ్గది రోజుకు నలభై నిమిషాలు దాటలేదు.

2018 అమెరికా ఎన్నికలకు ముందు కొందరితో నాలుగు వారాలు ఫేస్‌బుక్ మాన్పించి చూశారు పరిశోధకులు. వాళ్లు ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో ఎక్కువ సమయం గడిపారు, మనసు కొద్దిగా తేలికపడింది, రాజకీయ విషయాల మీద అభిప్రాయాల్లో దూరం కొంత తగ్గింది. వార్తలు మాత్రం తక్కువ తెలిశాయి. అంటే రెండు వైపులా లెక్క ఉంది. మానేయమని ఆయనకు చెప్పకండి. రాత్రి తొమ్మిది తర్వాత గ్రూప్ బాధ్యత ఇంకొకరికి ఇవ్వమనండి. ఒక్కరు రోజంతా కాపలా కాస్తే తప్ప నడవని గ్రూప్ ఎలాగూ ఎక్కువ కాలం నడవదు.

పిల్లల ఫొటోలు, ఇంట్లో విషయాలు పోస్ట్‌లో వాడే ముందు ఇంట్లోవాళ్లను అడగాలని కూడా చెప్పండి. కారణం ఎంత మంచిదైనా సరే.

బ్లూ టిక్ పడింది, జవాబు రాలేదు. నన్ను పట్టించుకోవట్లేదనేనా?

చదివారు అనేదొక్కటే దానికి అర్థం. 2014 నవంబర్‌లో వాట్సాప్ ఆ నీలం గీతలు తెచ్చింది, అంతకుముందు మనం ఇంత టెన్షన్ పడలేదు. సెట్టింగ్స్‌లో రీడ్ రిసీట్స్ ఆపేసుకోవచ్చు, అప్పుడు అవతలివాళ్లవీ మీకు కనబడవు, మనశ్శాంతిగా ఉంటుంది. అత్యవసరమైతే ఫోన్ చేయండి.

ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్లు నిజమైన స్నేహితులేనా?

కొందరు తప్పకుండా అవుతారు. ఇంట్లో చెప్పుకోలేని బాధ ఉన్నవాళ్లకు, అరుదైన జబ్బు ఉన్నవాళ్లకు, చుట్టుపక్కల తమలాంటి మనిషి ఒక్కరూ లేనివాళ్లకు ఆ పరిచయాలే ప్రాణం నిలబెడతాయి. అమెరికా ఉద్యమకారిణి టరానా బర్క్ "మీ టూ" (నాకూ జరిగింది) అనే మాటతో పని మొదలుపెట్టింది 2006లో, లైంగిక హింసను తట్టుకుని నిలిచిన నల్లజాతి అమ్మాయిల మధ్య. 2017 అక్టోబర్ 15న నటి అలిస్సా మిలానో ట్వీట్ తర్వాత అది ప్రపంచమంతా వినబడింది, కానీ అంతకుముందు పదకొండేళ్లు బర్క్ చేసింది అమ్మాయిలతో కూర్చుని వాళ్ల మాట వినడం. "నాకూ జరిగింది" అని ఒకరు చెబితే ఇంకొకరికి నోరు పెగలడం, అది స్నేహం కాక ఇంకేమిటి?

మన మెదడు సుమారు 150 మందితో మించి నిలకడైన సంబంధాలు నిలుపుకోలేదని మానవ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ అంచనా వేశారు. ఆ అంకె మీద వాదనలున్నా, మూడు వేల మంది ఫ్రెండ్స్ ఉన్నవాళ్లకు కూడా కష్టమొస్తే గుర్తొచ్చే పేర్లు నాలుగైదే. మిగిలినవాళ్లు ఎందుకూ పనికిరారని కాదు. దూరపు పరిచయాల ద్వారానే ఎక్కువగా కొత్త సమాచారం, కొత్త ఉద్యోగం దొరుకుతాయని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లోనే చూపించారు. ప్రచారం పాకడానికి దూరపు పరిచయాలు కావాలి. రిస్క్ ఉన్న పనికి, అంటే అరెస్టవ్వొచ్చు అని తెలిసీ నిలబడటానికి, పక్కన దగ్గరివాళ్లు కావాలి.

నిరసనలో తీసిన ఫొటోలు పెట్టొచ్చా?

మొహాలు కనబడేవి వాళ్లను అడక్కుండా పెట్టొద్దు. మీకు అది జ్ఞాపకం, ఇంకొకరికి అది ఉద్యోగం పోయే కారణమో, ఇంట్లో తన్నులు తినే కారణమో కావచ్చు. మొహాలు మసకబార్చే సౌకర్యం సిగ్నల్ యాప్‌లో 2020 జూన్ నుంచి ఉంది. ఫోన్ కెమెరా ఫొటోలో, లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు కూడా దాగి ఉంటుంది, ముందే ఆపేయండి. హింసకు సాక్ష్యమైన వీడియో అయితే అసలు ఫైల్‌ను ఏమీ మార్చకుండా రెండు చోట్ల దాచి, ముందు లాయర్‌కు చూపించండి, తర్వాతే పోస్ట్ సంగతి.

ట్రోలింగ్ తట్టుకోలేకపోతున్నాను.

ఫోన్ ఒక స్నేహితురాలికి ఇచ్చేయండి. నిజంగానే. తను కూర్చుని బెదిరింపులన్నీ స్క్రీన్‌షాట్ తీసి, తేదీ వేసి దాచి, ఆ తర్వాత ఒక్కొక్కరినీ రిపోర్ట్ చేసి బ్లాక్ చేస్తుంది, మీరు ఆ మాటలు చదవక్కర్లేదు. నా మీద అలాంటి దాడి జరిగినప్పుడు ఒక అక్క మా ఇంటికి వచ్చి రెండు రోజులు ఆ పని చేసింది. చంపుతామన్నవాళ్ల స్క్రీన్‌షాట్లు పోలీసులకు ఇవ్వండి. ఇంట్లోవాళ్లకు మొదటి రోజే చెప్పండి, దాచిపెడితే వాళ్లకు ఇంకెవరి ద్వారానో తెలుస్తుంది, అది ఇంకా బాధ.

మాటలు ఆగిపోయిన మనిషికి, ఇన్నాళ్ల తర్వాత, ఏమని మెసేజ్ పెట్టాలి?

చిన్నగా పెట్టండి. పాత గొడవను వివరించొద్దు, మీ వాదన మళ్లీ రాయొద్దు, "నీకు బాధ కలిగి ఉంటే" అనే మాట అసలు వద్దు. బాధ కలిగింది, మీకు తెలుసు. నేను నా స్నేహితురాలికి పదమూడు నెలల తర్వాత రాసింది ఇది: "ఆ రోజు నువ్వు ఫోన్‌లో నన్ను నమ్మి చెప్పుకున్న విషయాన్ని మర్చిపోయి ఆ మాట రాశాను. నిన్ను చాలా బాధపెట్టాను. నువ్వు జవాబు ఇవ్వకపోయినా పర్లేదు." పంపాక ఫోన్ బోర్లా పెట్టి వేరే గదిలోకి వెళ్లిపోయాను.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది, ఒక్క మాట: "రేపు ఫోన్ చెయ్యి." చేశాను. ఆ విషయం మీద మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరదు, దాని గురించి మాట్లాడుకుంటూనే ఉంటాం, ఫోన్‌లోనే.